మూడు గడుల్లో ఒకే పొట్టి సంతకం

మామయ్యకు హిమాయత్‌నగర్‌లో పదకొండు మందితో నడిచే స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ ఉంది. ఇళ్లు, అపార్టుమెంట్లు, ఫంక్షన్ హాళ్లు, అప్పుడప్పుడు ఒక స్కూలు. ఎంత లావు కాలమ్ వెయ్యాలో, అందులో ఎన్ని కడ్డీలు పెట్టాలో లెక్కగట్టి గీసిచ్చే పని. మేనకోడలు ఎంటెక్ అయ్యాక ఈ ఊళ్లోనే ఇంకో చిన్న ఆఫీసులో అదే పని చేసి, ఇప్పుడు గచ్చిబౌలి వైపు ఒక బహుళజాతి సంస్థ డిజైన్ సెంటర్‌లో చేరింది. తన ఆఫీసుకు రమ్మని ఆయన అడిగాడు. ఆమె రానంది. ఆ తర్వాత జరిగిన వాదనను ఇద్దరి అనుమతితో రాసిపెడుతున్నాను. బ్రాకెట్లలో వచ్చేవి నా మాటలు. నేనూ ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో కాపురం ఉంటున్నవాణ్ణే కనుక, ఈ విషయంలో తటస్థుణ్ణని చెప్పుకోలేను.

మామయ్య: ఆ అద్దాల మేడలో నువ్వు చేస్తున్న పనేంటో ఒక్క ముక్కలో చెప్పు.

మేనకోడలు: ఇంగ్లండులో ఒక రైల్వే స్టేషను. దాని స్టీలు స్తంభాల కింద వచ్చే బేస్ ప్లేట్లు, వాటి బోల్టులు.

మామయ్య: స్తంభాలు?

మేనకోడలు: అవి పుణె టీమ్ చూస్తుంది.

మామయ్య: పునాదులు?

మేనకోడలు: అవి ఇంగ్లండులోనే.

మామయ్య: అంటే పైనున్నది నీది కాదు, కిందున్నదీ నీది కాదు. మధ్యలో ఇనప పలక నీది. పెళ్లివంటల్లో ఉల్లిపాయలు తరిగేవాడికి పెళ్లికొడుకెవరో తెలియనక్కర్లేదులే. నా దగ్గర చేరినవాడు మొదటి వారంలోనే గోతిలో దిగుతాడు. కొండాపూర్‌లో తవ్వితే చాలాచోట్ల ఆరేడు అడుగులకే రాయి తగులుతుంది, చదరపు మీటరుకు 25, 30 టన్నులు మోస్తుంది. గుడివాడ వైపు తవ్వు, నల్లమట్టి. ఎండకి నెర్రెలు విచ్చి, వానకి ఉబ్బుతుంది. హైదరాబాద్ ఫుటింగే అక్కడా వేస్తే గృహప్రవేశం ఫొటోలు పాతబడకముందే గోడలు పగుళ్లిస్తాయి. పుస్తకంలో ఈ తేడా ఒక పట్టిక, అంతే. గోతిలో దిగినవాడికి చెప్పుల కింద తెలుస్తుంది.

మేనకోడలు: ఆ మాట కాదనను. నేను చేసిన ఆఫీసులోనూ అలాగే తెలిసింది. విజయవాడ భూకంపాల పటంలో మూడో జోన్, హైదరాబాద్ రెండో జోన్. మూడో జోన్ నుంచి ఐఎస్ 13920 కోడ్ పాటించి తీరాలి. కాలమ్‌కు చుట్టే రింగు కొసని 90 డిగ్రీలకు వంచి వదిలెయ్యకూడదు, 135 డిగ్రీలకు లోపలికి వంచాలి. భూమి ఊగినప్పుడు పైపొర కాంక్రీటు రాలిపోయినా రింగు విప్పుకోకుండా లోపలిదాన్ని పట్టుకుంటుంది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సైటులో కడ్డీలు కట్టే మేస్త్రీ అలా వంచిన రింగుని కాలమ్‌లో దూర్చబోయి, దూరక, "మీరు దూర్చి చూపించండి మేడమ్" అని నా చేతికిచ్చాడు. నాకూ దూరలేదు. కడ్డీల మధ్య అంత సందు లేకుండా గీసింది మా ఆఫీసే. ఆ చదువు పెద్ద కంపెనీలో దొరకదు, నిజమే.

మామయ్య: మరింకేం?

మేనకోడలు: ఆ డ్రాయింగు సైటుకు పోయేముందు రెండో మనిషి కంట పడలేదు. అదీ నా బాధ. డ్రాయింగు కింద కుడి మూల టైటిల్ బ్లాకు ఉంటుంది కదా. డిజైన్ చేసినవారు, గీసినవారు, చెక్ చేసినవారు, ఆమోదించినవారు. నేను చేరిన కొత్తలోనే అయిదంతస్తుల అపార్టుమెంటు నా చేతికిచ్చారు. డ్రాఫ్ట్స్‌మన్ మానేసి ఉన్నాడు, గీసిందీ నేనే. మొదటి మూడు గడుల్లోనూ నా పొట్టి సంతకమే. నాలుగో దాంట్లో సారు సంతకం. అది కూడా స్కాన్ చేసి పెట్టుకున్న బొమ్మ, ఏ డ్రాయింగులోనైనా అతికించుకోవచ్చు. నేర్చుకోవడం నేర్చుకోవడం అంటారు. ఎవరింటి మీద నేర్చుకున్నాను మామయ్యా?

మామయ్య: మీ సారు సంగతి నాకెందుకు? నా ఆఫీసులో ప్రతి డ్రాయింగూ నేను చూస్తాను.

మేనకోడలు: ఎప్పుడు చూస్తారు?

మామయ్య: సాయంత్రం. పని ఎక్కువుంటే రాత్రి.

మేనకోడలు: మొన్న అమ్మమ్మ దగ్గరికి వెళ్తూ ఖైరతాబాద్ సిగ్నల్ దగ్గర వాట్సాప్‌లో పీడీఎఫ్ తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి, "ఓకే" అని కొట్టారు. పచ్చలైటు పడింది. పక్క సీట్లో నేనే ఉన్నాను. అది ఫుటింగ్ ప్లాన్.

మామయ్య: మర్నాడు పొద్దున్నే కాంక్రీటు. రెడీమిక్స్ బండి చెప్పేశారు, కూలీలకి అడ్వాన్సు ఇచ్చేశారు. నేను ఓకే అనకపోతే వాడు ఆగుతాడనుకున్నావా? పక్కవీధిలో పాత బిల్డింగు డ్రాయింగు తీసి అదే వేసేస్తాడు. అయినా నా కన్ను ముప్పయ్యేళ్ల కన్ను. అంత అంతస్తులకి అంత కాలమ్ చాలుతుందా లేదా అన్నది కంప్యూటరు తెరిచేలోపే నాకు తెలిసిపోతుంది.

(ఈ మాటలో అబద్ధం లేదు. నేను స్వయంగా చూశాను. ఒకాయన తెచ్చిన ప్లాను మీద ఆయన చూపు పడగానే వేలు ఒకే చోట ఆగింది. అక్కడ నిజంగానే కాలమ్ ఒకటి తక్కువైంది. అయితే ఆ ప్లాను కాగితం మీద ఉంది, ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.)

మామయ్య: గడులు నిండినంత మాత్రాన అయిపోతుందా? మీరు గొప్పగా చెప్పుకునే అమెరికాలోనే చూడు. 1981 జులై 17. కాన్సాస్ సిటీలో హయత్ హోటలు. లాబీ మీద రెండు నడకదారులు, ఒకదాని కింద ఒకటి, పై కప్పు నుంచి కడ్డీలతో వేలాడదీశారు. ముందు గీసినదాంట్లో ఒకే పొడుగు కడ్డీ రెండిటినీ మోస్తుంది. అంత పొడుగు కడ్డీకి మర తియ్యడం కష్టమని తయారుచేసేవాళ్లు దాన్ని రెండు ముక్కలు చేశారు. కింది నడకదారి పైదానికి వేలాడింది. పైదాని కింద నట్టు మీద భారం రెట్టింపు. షాప్ డ్రాయింగుల మీద ఇంజనీర్ల ముద్ర ఉంది. చూశాం, సరే అనే ముద్ర. ఎవరూ మళ్లీ లెక్క వెయ్యలేదు. 114 మంది చచ్చిపోయారు. పద్ధతి ఉంది, ముద్ర ఉంది, గడి నిండింది. చూసినవాడు లేడు.

మేనకోడలు: ఆ తర్వాత ఏమైందో అదీ చెప్పండి. బాధ్యులైన ఇంజనీర్ల లైసెన్సులు తీసేశారు. ఇక్కడ తియ్యడానికి అసలు లైసెన్సేది? ఆర్కిటెక్టులకి 1972లోనే చట్టం వచ్చింది, కౌన్సిలుంది, రిజిస్ట్రేషనుంది. దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం ఇంజనీర్లకి లేదు. మున్సిపాలిటీ వాళ్ల జాబితాలో పేరుంటే చాలు. 2020లో టీఎస్-బీపాస్ వచ్చింది. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. లంచాల బాధ తగ్గిందని అందరం సంతోషించాం, నేనూ సంతోషించాను. కానీ ఆ ఇంటి బీములూ కాలమ్‌లూ సరిగ్గా ఉన్నాయని చూసే కన్ను మీ ఆఫీసులో లేకపోతే ఇంకెక్కడా లేదు. మీరే మొదటి కన్ను, మీరే ఆఖరి కన్ను.

మామయ్య: అందుకే కదా నీలాంటిదాన్ని రమ్మంటున్నాను!

మేనకోడలు: నన్ను ఏ గడిలో కూర్చోబెడతారు?

(మామయ్య దీనికి జవాబు చెప్పలేదు. టీ చెప్పాడు. టీ వచ్చేలోపు మాట డబ్బు మీదకి మళ్లింది. ఈ వాదనలో నాకు బాగా పనికొచ్చిన భాగం ఇదే.)

మామయ్య: లెక్క చెప్తాను, కాగితం తీసుకో. 20,000 చదరపు అడుగుల అపార్టుమెంటు. కట్టడానికి అడుగుకి 2,000 అనుకో. నాలుగు కోట్లు. నాకు అడుగుకి అయిదు రూపాయలిస్తారు, అదీ బేరమాడితే. లక్ష. నూటికి పావలా! ఫ్లాట్లు అమ్మిపెట్టే బ్రోకరు నూటికి రూపాయి, రెండు రూపాయలు తీసుకుంటాడు. పునాది నుంచి వాటర్ ట్యాంకు దాకా నిలబెట్టేవాడికి పావలా. ఆ లక్షలో ఇంజనీరు జీతం, డ్రాఫ్ట్స్‌మన్ జీతం, సాఫ్ట్‌వేరు, అద్దె, సైటుకి పదిసార్లు పెట్రోలు. ఇందులో చెక్ చేసే మనిషిని ఎక్కడ పెట్టను?

మేనకోడలు: ఆ లక్షయినా వస్తుందా?

మామయ్య: అదింకో పురాణం. పనిచ్చేటప్పుడు పాతికవేలు. పునాదుల డ్రాయింగు ఇచ్చాక ఇంకో పాతిక. స్లాబులు పడుతున్నకొద్దీ ఇంకొంత. చివరి ఇరవై వేలు ఎప్పటికీ రావు. బిల్డింగు పైకి లేచాక మనతో పనేముంది వాడికి? నేను బిల్లు వేసిన నెలకే 18 శాతం జీఎస్టీ కట్టాలి, వాడు నాకు ఇచ్చాడా లేదా గవర్నమెంటుకి అనవసరం. ఇచ్చినప్పుడు మళ్లీ టీడీఎస్ పట్టుకుంటాడు. చిన్న సంస్థలకి 45 రోజుల్లో డబ్బివ్వాలని 2006లోనే చట్టం చేశారు. ఇవ్వకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది లెక్కలో చూపించుకోవడానికి వీల్లేదని 2023 బడ్జెట్లో ఆదాయపన్ను చట్టానికి 43బి(హెచ్) చేర్చారు. మంచిదే. కానీ ఫిర్యాదు చేసినవాడికి మళ్లీ పనెవడిస్తాడు చెప్పు?

మేనకోడలు: మీకు రాని ఇరవై వేలు మీ దగ్గర ఆగవు మామయ్యా. అవి కింది వాళ్ల జీతాల్లోంచి పోతాయి. నేను చేసిన చోట జీతం ఒకటో తారీఖు అనేది మాట వరసకి. "ఆ బిల్డరు చెక్కు పడగానే" అనేవారు. నా ఇంటి అద్దె ఎవరో బిల్డరు ఫ్లాటు అమ్ముకోవడం మీద ఆధారపడేది. శనివారం పూర్తి పని. రాత్రి తొమ్మిదింటికి సైటు నుంచి ఫోను: "మేడమ్, రేపు స్లాబు, మెట్ల డ్రాయింగు రాలేదు." పీఎఫ్ లేదు. ఇరవై మంది ఉంటేనే పీఎఫ్ చట్టం తప్పనిసరి. పందొమ్మిది దగ్గర ఎదగడం మానేసే ఆఫీసులు ఈ ఊళ్లో ఎన్నో.

మామయ్య: నా దగ్గర పదకొండే.

మేనకోడలు: మిమ్మల్ని అనలేదు.

మామయ్య: అన్నావులే. పీఎఫ్ లేదు, నిజం. మా డ్రాఫ్ట్స్‌మన్ కూతురి పెళ్లికి డబ్బు సర్దింది ఎవరు? కరోనా లాక్‌డౌన్‌లో రెండు నెలలు ఒక్క సైటు కదల్లేదు, ఒక్కరి జీతం ఆపలేదు. నీ కంపెనీ ప్రాజెక్టు ఆగిపోతే ఏం చేస్తుంది? ఒక మీటింగు పెట్టి, అందరికీ నమస్కారం పెట్టి, లాప్‌టాప్ తీసేసుకుంటుంది.

మేనకోడలు: పెళ్లికి సర్దినందుకు ఆయన పదిహేనేళ్లుగా మీ దగ్గర జీతం పెంచమని అడగలేదు. అడిగే హక్కు అక్కడే తీరిపోయింది. మీది మంచి మనసే, కాదన్నానా? కానీ జీతం పెరగాలన్నా, సెలవు కావాలన్నా, తప్పు చెప్పాలన్నా ఒక్క మనిషి మొహం చూసి చెప్పాలి. ఆ మనిషి ఆ పొద్దున ఏ బిల్డరుతో పోట్లాడి వచ్చాడో కూడా కనిపెట్టాలి. మేమంతా సారు కారు శబ్దాన్ని బట్టి ఆ రోజెలా గడుస్తుందో చెప్పేసేవాళ్లం.

(మామయ్య కొంచెం నొచ్చుకున్నాడు. నాకు మాత్రం ఆ డ్రాఫ్ట్స్‌మన్‌ని కూడా పిలిచి కూర్చోబెట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. పిలిచినా మాట్లాడేవాడు కాదనుకోండి.)

మామయ్య: సరే, డబ్బు గురించి ఇంకో నిజం చెప్తాను. ఫీజు తక్కువ కావడం కన్నా దుర్మార్గమైనది ఇంకోటుంది. బిల్డరు రాగానే అడిగే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "అడుగుకి ఎన్ని కేజీల స్టీలు?"

మేనకోడలు: తెలియకపోవడమేం! "పాత కన్సల్టెంటు మూడున్నరకే ఇచ్చాడు సార్, మీరు నాలుగున్నర అంటున్నారు."

మామయ్య: అదీ! ఎన్ని అంతస్తులు, ఏ మట్టి, కాలమ్‌ల మధ్య దూరమెంత, ఏమీ అడగడు. కూరగాయల సంచీ తూచినట్టు డిజైన్‌ని తూస్తాడు. అడుగుకి ఒక కేజీ తగ్గితే 20,000 అడుగుల మీద ఇరవై టన్నులు. నా ఫీజుకి పది రెట్లకు పైనే. అంటే స్టీలు ఎంత తక్కువ గీస్తే నేనంత గొప్ప ఇంజనీర్ని. నన్ను మోసం చెయ్యమని ఎవరూ అడగరు. "కొంచెం చూడండి సార్" అంటారు.

మేనకోడలు: మీరేమంటారు?

మామయ్య: కొంచెం చూస్తాను.

మేనకోడలు: చూసి?

మామయ్య: స్లాబులో చూస్తాను, బీముల్లో చూస్తాను. కాలమ్‌ల జోలికి పోను. స్లాబు కిందికి కుంగితే మనిషి చూసి బయటికి పరిగెడతాడు. కాలమ్ పోతే పరిగెత్తే సమయముండదు. ఇది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. మా గురువుగారు ఫుట్‌పాత్ మీద ఇరానీ చాయ్ తాగుతూ చెప్పారు.

మేనకోడలు: మిమ్మల్ని కొట్టలేను ఇలాంటి చోట్ల. కానీ ఆ గురువుగారు లేని ఆఫీసు సంగతేంటి? ఫుట్‌పాత్ చాయ్ దగ్గర అందే జ్ఞానం ఆ చాయ్‌కి వెళ్లినవాళ్లకే అందుతుంది. అందులో మగవాళ్లే ఎక్కువ వెళ్తారు, అది వేరే సంగతి. అది అందని చోట ఏమైందో చూడండి. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపం. భుజ్ దగ్గర భూకంపం, అక్కడికి రెండొందల కిలోమీటర్లకు పైన ఉన్న అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో ఎక్కువ భాగం ఎలాంటివి? కింద గోడలు లేకుండా ఉత్త కాలమ్‌ల మీద పార్కింగు, పైన అంతస్తుల నిండా ఇటుక గోడలు. పైన బిర్ర, కింద బలహీనం. ఊగినప్పుడు ఆ కింది అంతస్తే విరిగింది. ఆ బొమ్మ ఈ రోజు కూకట్‌పల్లిలోనూ అదే, విజయవాడలోనూ అదే. అప్పటి అహ్మదాబాద్ ఇంజనీర్లు దొంగలు కారు. అందరూ అలాగే గీస్తున్నారు కాబట్టి వాళ్లూ గీశారు. చిన్న ఆఫీసులో తప్పు ఒక్కటే అయితే పట్టుకోవచ్చు. ఊరంతా ఒకే తప్పు గీస్తుంటే, పక్క ఊరి మనిషి వచ్చి చూడకపోతే అది తప్పని ఎవరికి తెలుస్తుంది?

మామయ్య: 2002లో భూకంపాల కోడ్ మార్చారుగా, 2016లో మళ్లీ మార్చారు.

మేనకోడలు: మార్చారు. మీ ఆఫీసు అలమరలో ఏది ఉంది?

మామయ్య: ...రెండూ ఉన్నాయి.

మేనకోడలు: 2016ది సీల్ విప్పారా?

(నవ్వు. ఎవరిదో చెప్పను.)

మామయ్య: నువ్వు చిన్న ఆఫీసంటే ఎప్పుడూ తప్పులే చూపిస్తున్నావు. మూసీ వరద 1908లో వచ్చి ఊరు కొట్టుకుపోతే నిజాం ఎవర్ని పిలిచాడు? ఉద్యోగం వదిలేసి విదేశాలు తిరుగుతున్న విశ్వేశ్వరయ్యని. కన్సల్టింగ్ ఇంజనీరుగా. పెద్ద కంపెనీని కాదు, ఒక్క మనిషిని! ఆయన చెప్పిన ప్రకారమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఢిల్లీలో ఇంజనీరు మహేంద్రరాజ్‌ని చూడు. ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్ 1972లో లేచింది. అలాంటి హాలుకి కప్పు అందరూ స్టీలు గొట్టాలతో కడతారు. మన దగ్గర స్టీలు ప్రియం, కూలి చవక. అందుకని కాంక్రీటుతో, చేతులతో పోసి కట్టారు. ఒక చిన్న ఆఫీసు లెక్కలు వేసింది! అది కూలలేదు, 2017లో కూల్చారు.

మేనకోడలు: విశ్వేశ్వరయ్యగారు పాతికేళ్లు బొంబాయి గవర్నమెంటు సర్వీసులో చేసి వచ్చారు. మహేంద్రరాజ్‌గారు చండీగఢ్‌లో కార్బూజియే బిల్డింగులకి పనిచేసి, న్యూయార్క్ వెళ్లి, అమ్మన్ అండ్ విట్నీలో చేసి, ఆ తర్వాతే సొంతంగా పెట్టుకున్నారు. అంటే తమ లెక్క ఇంకొకరు ఎర్రసిరాతో కొట్టేసే చోట ముందు కూర్చుని వచ్చారు. నేను ఇప్పుడు కూర్చున్నది అలాంటి చోటే. నా బేస్ ప్లేటుని మీరు ఎగతాళి చెయ్యండి, పర్వాలేదు. నేను పంపిన ప్రతి కాగితం మీదా ఇంకొకరు సరిగ్గా ఉన్న అంకె మీద పసుపు గీత, తప్పున్న చోట ఎర్ర గీత పెట్టి తిప్పి పంపుతారు. మొదటి నెల ఏడుపొచ్చింది. ఇప్పుడు ఎర్ర గీత లేకుండా వస్తే, నిజంగా చూశారా అని అనుమానమొస్తోంది.

మామయ్య: సైటు చూడని ఎర్ర గీత.

మేనకోడలు: అవును, సైటు చూడని ఎర్ర గీతే. రింగు దూరుతుందో లేదో వాళ్లకి తెలియదు. అందుకే జీవితమంతా అక్కడ ఉంటానని నేను అనలేదు.

(ఇక్కడ మామయ్య స్వరం మారింది. ఆయన మూడు రోజులుగా దాచుకున్న మాట ఇప్పుడు బయటికొచ్చిందని నాకు తర్వాత తెలిసింది.)

మామయ్య: ఒక పని వచ్చింది. పద్నాలుగు అంతస్తులు. 18 మీటర్లు దాటితేనే హైరైజ్ లెక్క, ఇది దానికి రెట్టింపుకు పైన. నేనెప్పుడూ ఏడు దాటలేదు. వదులుకోలేను. మౌలివాక్కం గుర్తొస్తోంది.

(చెన్నై శివారు మౌలివాక్కంలో 2014 జూన్ 28న, కడుతుండగానే పదకొండంతస్తుల అపార్టుమెంటు కూలింది. 61 మంది పోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వెళ్లిన కూలీలు చాలామంది.)

మామయ్య: నువ్వు వచ్చి ఒకసారి చూసిపో. ఉద్యోగం మానద్దులే. ఆదివారాలు చూడు.

మేనకోడలు: బయట పని చెయ్యకూడదని కంపెనీకి రాసిచ్చాను. చెయ్యను. అయినా పద్నాలుగు అంతస్తులకి నేనేం పెద్దదాన్ని? మీకన్నా ఎక్కువ కట్టినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు, వాళ్లవీ మీలాంటి చిన్న ఆఫీసులే. వాళ్లది మీరు చూడండి, మీది వాళ్లు చూస్తారు. చెక్ చేసిన గడిలో నిజంగా రెండో పేరు వస్తుంది.

మామయ్య: పోటీవాడికి నా డ్రాయింగు చూపించాలా? నేనెంతకి ఒప్పుకున్నానో తెలిసిపోదూ?

మేనకోడలు: మీ రేటు వాళ్లకి ఎప్పుడో తెలుసు. బిల్డరే చెప్తాడు, మీ రేటు వాళ్లకి, వాళ్ల రేటు మీకు. అలాగే కదా ఇద్దరి చేతా తగ్గిస్తున్నాడు.

మామయ్య: ఊరికే ఎవడు చూస్తాడు?

మేనకోడలు: అడుగుకి అర్ధ రూపాయివ్వండి. 20,000 అడుగుల దానికి పదివేలు.

మామయ్య: బిల్డరు ఇవ్వడు.

మేనకోడలు: ఇవ్వడు. మీ లక్షలోంచే ఇవ్వాలి.

మామయ్య: పావలాలోంచి పదో వంతు! బాగుంది. అయినా ఎవడున్నాడు అలాంటివాడు? నారాయణగూడ ఆయన పద్నాలుగు, పదిహేను చేశాడంటారు గానీ... వాడా! మొన్న ఒక సైటులో వాడి బేస్‌మెంటు డ్రాయింగు చూశాను. మట్టిని ఆనుకుని ఉండే గోడలో కడ్డీల మీద, లోపలి గోడకి పెట్టినంత కాంక్రీటు కవరే పెట్టాడు. నీళ్లు దిగితే పదేళ్లకి కడ్డీలు తుప్పుపడతాయి. ర్యాంపు కింద బీము లోతు చాలదు, నేనైతే ఇంకో ఆరంగుళాలు వేసేవాణ్ణి. కాలమ్‌లు మాత్రం బాగా పెట్టాడు, ఒప్పుకోవాలి.

మేనకోడలు: అడుగుకి అర్ధ రూపాయి చొప్పున ఆయన మీకు బాకీ పడ్డట్టే. ఫోన్ చేసి అడగండి.